వెనక కుంగిన కారు

సారయ్య నోరు విప్పనక్కరలేదు, అతని సుత్తే చెప్పేస్తుంది. టంగుమంటే రేకు బతికుంది, దబ్బుమంటే చచ్చింది. పోచమ్మ మైదాన్ వెనక సందులోని ఆ టింకరింగ్ షెడ్డులో, ఒక కాలు పొట్టిదైన ఇనప స్టూలు మీద, తడిసిన గొడుగును మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వెంకటరాజం ఆ చప్పుళ్ళు వింటున్నాడు. కారు గుంత మీద ఉంది, సారయ్య గుంతలో ఉన్నాడు, వాన రేకుల మీద ఉంది. ముందు చక్రాల దగ్గర టంగు. తలుపుల కింద టంగు. నడిమి పట్టీ వెంట టంగు, టంగు. ఆ చప్పుడు తన కష్టానిది, పదమూడు వానకాలాల కాపలాది. ఏటా మృగశిర కార్తెకు ముందే కారును ఎత్తించి, అడుగంతా గీకించి, రెడ్ ఆక్సైడ్ పూయించి, అది ఆరాక కాలిన ఆయిలు కొట్టించి, తలుపుల అడుగున నీళ్ళు కారే కన్నాలను విరిగిన గొడుగు పుల్లతో తనే పొడిచి తెరిచి, రేడియేటరు కారితే చారెడు పసుపు పోసి, పొద్దున సెల్ఫ్ అందుకోకపోతే హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం పట్టుకుపోయినా ఇంకొకడి చేతికి ఇవ్వకుండా, అరవై ఒకటి నాటి అంబాసిడర్‌ను ఎనభై ఆరు ఆషాఢం దాకా లాక్కొచ్చిన మొనగాడు వరంగల్లో ఇంకొకడుంటే వచ్చి నిలబడమనండి. భార్య విమలమ్మ అంటూనే ఉంటుంది, "గా కారు కిందికి దూరి సూసినట్టు నా మోకాళ్ళు ఒక్కపారి సూస్తివా?" అని. ఆమె మోకాళ్ళు తన అన్న దుకాణం ముందు నుంచి పోవు కదా, ఎందుకు చూడాలి. సుత్తి వెనక చక్రాల వైపు జరిగింది. దబ్బు. మళ్ళీ దబ్బు. ఆ తరువాత చప్పుడే లేదు, గుంతలోకి ఏదో బరబరా రాలిన శబ్దం, సారయ్య ఉమ్మిన శబ్దం.

చేతి గడియారంలో ఎనిమిదిన్నర. ఇంకో గంటకు, సరిగ్గా తొమ్మిదిన్నరకు, కొత్తవాడ మలుపులో కైలాసం దుకాణం చెక్కలు తీయించి, అగరుబత్తి తిప్పి, గద్దె మీద కూర్చుంటాడు. కూర్చున్న నిమిషానికి ఈ కారు ఆ గుమ్మం ముందు నుంచి పోవాలి. ఇవాళ బుధవారం. డెబ్బై మూడులో పంపకం జరిగిన నాటి నుంచి ఒక్క బుధవారం తప్పలేదు. జ్వరంలో పోయింది, బందులో పోయింది, పెట్రోలు దొరకని రోజుల్లో కిరసనాయిలు కలిపిన పెట్రోలుతో పొగలు కక్కుతూ పోయింది. కైలాసం తన సొంత అన్న, నాలుగేళ్ళు పెద్ద. ఒకే పళ్ళెంలో తిన్నారు, ఒకే గాబులో చేతులు పెట్టి నూలుకు రంగులు పట్టించారు, ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఒకడు కూర్చున్న పంక్తిలో ఇంకొకడు కూర్చోడు. మాట్లాడుకోవడం మానేసిన మనుషులకు ఏదో ఒక భాష కావాలి, వీళ్ళకు కారే ఆ భాష. ఇది ఇంకా నడుస్తోంది చూడు, నువ్వు నాకు పారేసిన ఇనుము నడుస్తోంది చూడు, అని వెంకటరాజం వారం వారం చెప్పుకుంటూ పోతాడు. అన్న కూడా తన ముఖం చూడడు, కారు పోయేదాకా ఆగి దాని వెనక భాగం చూస్తాడు, అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది. కళ్ళు మండుతున్నాయి వాడికి, అనుకుంటాడు వెంకటరాజం. ఒక్క ఆ చూపు కోసం వారమంతా రంగుల పొగలో దగ్గుకుంటూ గడిపేయవచ్చు.

"సేటూ, డిక్కీ తాళం ఇయ్యి," అన్నాడు సారయ్య గుంతలోంచి.

"తాళమెందుకు? కిందికెళ్ళి సూడరాదు."

"కిందికెళ్ళి సూస్తె బండి బరువు మోసే కమాన్ పట్టీ పట్టుకునే జాగనే కనవడ్తలేదు. పిండి లెక్క రాలుతాంది. మీదికెళ్ళి సూడాలె."

"డిక్కీల నా సరుకుంటది."

"పదమూడేండ్ల సంది ఇదే మాట జెప్తానవ్. ఏం దాసినవయ్యా గండ్ల, నిజాం సర్కారు సొమ్మా?"

తాళం జేబులోనే ఉంది, వేళ్ళు దాన్ని తడుముతూనే ఉన్నాయి. నిన్న సాయంత్రం హసన్‌పర్తి నుంచి వస్తుంటే చిన్న గుంట, గుంట అని కూడా అనరాదు, రోడ్డు కొంచెం దిగిన చోటు, అంతే, వెనక ఎడమ పక్క ఏదో విరిగి, కారు బాలింత గేదెలా ఆ పక్కకు కుంగింది. మెల్లగా ఈడ్చుకుంటూ ఇక్కడికి తెచ్చి, రాత్రంతా తలుపు గొళ్ళెం వేసి ఉంచమని చెప్పి, పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. బుధవారం సరుకుకు తప్ప డిక్కీ ఎవరికీ తెరిచి చూపించడు. అందులో రంగు డబ్బాలు పోతాయి, ఏ డబ్బా ఎంత తరుగుతోందో చూసినవాడికి తన మెరూన్ రంగు కిటుకు తెలిసిపోతుంది, కొత్తవాడ జంపఖానాల్లో ఆ మెరూన్ ఇంకెవరికీ దిగదు. ఏటా సారయ్య అడుగు గీకేవాడు, తలుపులు గీకేవాడు, డిక్కీ దగ్గరికి వచ్చేసరికి తాళం చూసి వదిలేసేవాడు. లోపలి సంగతి తనే చూసుకున్నాడు. ఊరికే చూసుకున్నాడా, ఏ కారు యజమానీ తీసుకోనంత జాగ్రత్త తీసుకున్నాడు. పంపకమైన మొదటి వారమే తన నూలు నేసే మగ్గాల మీది మందపాటి జంపఖానా ఒకటి మడిచి డిక్కీ అడుగున పరిచాడు, రేకుకు గీత పడకూడదని, తడి అంటకూడదని. అది పాతబడితే దాని మీదే ఇంకొకటి పరిచాడు. జంపఖానా అమ్ముకునేవాడి కారుకు రబ్బరు చాప వేస్తారా ఎవరైనా?

ఇంకో మాట కూడా ఉంది, ఆ తాళం తిప్పాలంటే చెయ్యి రాకపోవడానికి, ఆ మాట ఎప్పుడూ పూర్తిగా ఎదుటికి రాదు, పక్కనుంచి వస్తుంది. పంపకం నాడు కులపెద్దలు చాప మీద కూర్చుని ఉన్నారు. దుకాణం, దాని వెనక నూలు ఆరేసే జాగ కైలాసానికి. మట్టెవాడ రంగుల కార్ఖానా, కారు తనకు. రంగు వేసేవాడికి ఆరబెట్టుకునే జాగ లేకుండా పంచారు, ఎంత తెలివి, గొంతు ఇచ్చి నాలుక కోసినట్టు. తడి నూలును కారులో వేసుకుని కొత్తవాడ నేతగాళ్ళ ఇళ్ళకు చేర్చి, వాళ్ళ దండేల మీద ఆరబెట్టించుకోవాలి, ఇంకో దారి లేదు. అందరూ లేస్తున్నప్పుడు కైలాసం అన్నాడు, చెప్పులు వేసుకుంటూ, వంగి, ముఖం కనబడకుండా, "కారు నువ్వే తీస్కో తమ్మీ. గని ఒక్క మాట. డిక్కీల ఉప్పు బస్తాలు, తడినూలు ఎయ్యకు. రెండేండ్లల్ల జంగు తింటది." తుప్పు తింటుందన్న ఆ మాట అందరూ విన్నారు. వెంకటరాజం ఒక్కడే దాని అసలు అర్థం విన్నాననుకున్నాడు. అన్న మాటను తిరగేసి చూడాలి, బజారులో గుడ్డను తిరగేసి చూసినట్టు, లోపలి వైపే అసలు నేత కనబడుతుంది. ఉప్పు వేయకు అంటే రంగు వేయకు అని. తడినూలు మోయకు అంటే వ్యాపారం చేయకు అని. కారులో పెళ్ళికొడుకులా కూర్చుని తిరుగు, గాబులు ఎండిపోతే నా దగ్గరికి రా అని. ఆ మరుసటి బుధవారమే స్టేషను రోడ్డు నుంచి రెండు బస్తాల ఉప్పు డిక్కీలో వేయించి, కావాలనే మూత తెరిచి, తాడుతో కట్టి, బస్తాలు అందరికీ కనబడేట్టు ఆ దుకాణం ముందు నుంచి తీసుకుపోయాడు. పోతూ ఉప్పు, వస్తూ తడినూలు. నూలుకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలి, మనిషికి పట్టుదల నిలవాలంటే ఎదురుగా ఒకడు కావాలి, రెండూ తనకు కొత్తవాడ మలుపులోనే దొరికాయి.

ఆ మలుపే తల్లి చనిపోయిన సంగతి కూడా చెప్పింది. బక్కమ్మ పెద్దకొడుకు దగ్గరుండేది. ఒక బుధవారం తొమ్మిదిన్నరకు దుకాణం చెక్కలు తీసి లేవు. ఓడిపోయాడు, ఇవాళ వాడే ఓడిపోయాడు, నా ముఖం చూడలేక తెరవలేదు, అని హుషారుగా హారన్ రెండుసార్లు కొట్టాడు. ఎదురు అరుగు మీది ముసలాయన చెయ్యెత్తి ఆపి, "మీ అమ్మ పోయింది బిడ్డా, తెల్వదా?" అన్నాడు. కబురు పంపలేదు వాళ్ళు. లేక పంపితే తను అప్పటికే కారు తీశాడో, అది ఎవరూ తేల్చలేదు, తేల్చుకోవాలని తనూ అనుకోలేదు. తేలితే కోపం తగ్గిపోతుందేమో. పాడెకు ఒక పక్క వాడు, ఒక పక్క తను. డిక్కీలో రెండు బస్తాలు అట్లాగే సాయంత్రం దాకా.

తాళం తీసి ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు, తొమ్మిదిన్నర ఆగదు.

సారయ్య గుంతలోంచి పైకి వచ్చి, చేతులు నిక్కరుకు తుడుచుకుని, మూత లేపాడు. లోపల ఖాళీగా ఉంది, నిన్ననే రంగు డబ్బాలు దించేశాడు. పైన ఎర్రా నల్లా చారల జంపఖానా, పోయినేటిది. సారయ్య దాన్ని లాగి పక్కన పడేశాడు, తడిగా, బరువుగా పడింది. దాని కింద నీలిది. దాని కింద రంగు తెలియనిది. నాలుగోది లాగితే రాలేదు. అంచు పట్టుకుని గుంజితే పెళ్ళున ఊడి వచ్చింది, గుడ్డలా వంగలేదు, తలుపు చెక్కలా నిలబడింది, సారయ్య వదిలేసినా గోడకు ఆనుకుని అట్లాగే నిలబడింది. దాని అడుగంతా తెల్లగా, సున్నం వేసినట్టు. డిక్కీ అడుగు ఉండాల్సిన చోట ఎర్రటి పొరలు, పొరల మధ్య కన్నాలు, కన్నాల్లోంచి గుంతలోని దీపం. వెంకటరాజం లేచి నిలబడ్డాడు, స్టూలు పక్కకు ఒరిగి పడింది. సారయ్య ఆ తెల్లటి పొర మీద వేలు రాసి, నాలుకకు అద్దుకుని, తుపుక్కున ఉమ్మాడు.

"ఉప్పు, సేటూ."

"ఉప్పు గాదు. యాసిడ్ మరకలవి. యాసిడ్ పోసిండ్లు నా కారు మీద, నీకు దెల్వదా? డెబ్బై ఏడుల."

"యాసిడ్ బయటినుంచి లోపలికి తింటది. ఇది లోపల్నుంచి బయటికి తిన్నది. నా మాట మీద నమ్మకం లేకుంటె నువ్వే నాకి సూడు."

నాకి చూడనక్కరలేదు. కళ్ళకు తెలుసు, ఇంట్లో గాబుల అంచుల మీద చిన్నప్పటి నుంచి చూస్తున్న తెలుపే అది, నూలు పిండాక చేతులకు అంటుకుని ఎండే తెలుపు, అమ్మ చీర కుచ్చెళ్ళ మీద కూడా ఉండేది. తడినూలు కారిన ప్రతి చుక్కా జంపఖానా తాగింది, తాగి దాచుకుంది, వేసవిలో కూడా ఆరనివ్వకుండా రేకుకు అదిమి పట్టుకుంది. మంచి నేత మరి, తన మగ్గాల నేత, నీళ్ళు పోస్తే గడియసేపు కింద చుక్క పడదని గిరాకీలకు పోసి చూపించి అమ్మే నేత. ముందు చక్రాలను, తలుపులను గొడుగు పుల్లతో బతికించుకుంటూ వెనక తన చేతులతోనే ఉప్పునీటి పరుపు పరిచి పడుకోబెట్టాడు. లెక్క అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు, ఆగకుండా డెబ్బై ఏడుకు పోయింది, పోవద్దు పోవద్దు అంటున్నా మార్కండేయ గుడి ముందుకు పోయి నిలబడింది.

డెబ్బై ఏడులో మొదటి కన్నం కనబడింది, నంబరు పలక కింద, రూపాయి బిళ్ళంత. పంపకమై నాలుగేళ్ళే, ముందంతా కొత్త కారులా ఉంది, వెనక ఒక్క చోట ఇట్లా తినేసిందంటే ఎవరో ఏదో పోయకుండా ఎట్లా? రంగుల పనిలో యాసిడ్ ఎవరి దగ్గరుంటుంది? కైలాసం వేరే పెట్టుకున్న గాబుల్లో రంగులు దించే ఎల్లస్వామి దగ్గర. ఎల్లస్వామి ఒక మధ్యాహ్నం తన కారు షెడ్డు వైపు నుంచి వస్తూ కనబడలేదా? కనబడ్డాడు. ఇంకేం కావాలి? కులపెద్దలను కూర్చోబెట్టాడు. అసలు గురి అన్న మీద, కానీ అన్న గద్దె మీద ఉన్నాడు, ఎల్లస్వామి నేల మీద ఉన్నాడు, రాయి నేల మీద ఉన్నవాడికే తగులుతుంది. ఎల్లస్వామి బావి దగ్గర నెత్తిన నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించుకుని, పంచె కారుతుండగా వచ్చి, తడిబట్టలతో గుడి గడప మీద చెయ్యి పెట్టి, నేను పోయలేదు అని ప్రమాణం చేశాడు. తడిబట్టల ప్రమాణం తరువాత ఎవరూ ఏమీ అనరు, అది రివాజు, అక్కడితో మాట ముగుస్తుంది. అందరూ లేవబోతుంటే వెంకటరాజానికి నోటి చివర ఆ మాట దొరికింది, తన జీవితంలో దొరికినన్నింటిలోకీ చురుకైన మాట: "పొద్దుందాక తడిబట్టలల్లనే ఉంటడు గీయన. గీయన తడిబట్టల ప్రమాణానికి ఏం కిమ్మతున్నది?" జనం నవ్వారు. పెద్దమనిషి వీరభద్రం కూడా మీసాల కింద నవ్వాడు. తీర్పు ఎవరూ చెప్పలేదు, నవ్వే తీర్పు అయింది. ఆ తరువాత ఎల్లస్వామి ఎవరి గడప తొక్కినా, "ఏందే ఎల్లస్వామీ, బట్టలు తడిసినయా?" అనేవాళ్ళు. మూడు నెలలు అది విన్నాడు. నాలుగో నెలలో భీవండి బండెక్కాడు, అక్కడ పవర్‌లూమ్‌ల మీద రాత్రి పాళీలు చేస్తున్నాడని అన్నారు, చెవులు వినబడటం లేదని తరువాతెప్పుడో అన్నారు. అతని భార్య రాజక్క వెళ్ళే ముందు రోజు నడిరోడ్డు మీద కారుకు అడ్డంగా నిలబడింది, బానెట్ మీద రెండు చేతులూ వేసి. "నీ ఇనుముకు జంగు వట్టిందని నా మొగని బతుకుల మన్ను గొడ్తివి. సల్లగుండు సేటూ, నీ ఇనుమూ నువ్వూ సల్లగుండుండ్లి," అంది. హారన్ కొట్టాడు. అప్పుడు కూడా హారనే కొట్టాడు. డిక్కీలో తడినూలు ఉంది, మెరూన్, ఆమె పక్కకు తప్పుకునేదాకా కారు కింద ఎర్రటి చుక్కలు పడుతూనే ఉన్నాయి.

చుక్కలు. అన్న చూసేది చుక్కలనా? కారు పోయాక రోడ్డు మీద మిగిలే తడి గీతను చూస్తాడా గద్దె మీది నుంచి, వారం వారం, అద్దంలో తను అసూయ అని చదువుకున్న ఆ చూపు? అయితే వాడికి మొదటి నుంచీ తెలుసు. గుడి ముందు ఎల్లస్వామి తడుస్తున్నప్పుడు కూడా తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదు, ఒక్క మాట అంటే చాలు కదా, ఉప్పురా అది అంటే చాలు కదా. చెప్పాడు కదా ఒకసారి, చెప్పులు వేసుకుంటూ. ఇంకోసారి ఎందుకు చెప్తాడు, అందరి ముందు తిరగేసి చదివించుకోవడానికా? లేదు, వాడి మనిషి నాశనమైపోతుంటే చూస్తూ కూర్చున్నాడంటే వాడూ పాపాత్ముడే, తనకన్నా పెద్ద పాపాత్ముడు. వెంకటరాజానికి ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది, ఆ కోపం పాత చెప్పులా కాలికి సరిపోయింది. మరుక్షణమే కరిచింది. పాపం ఇద్దరిదీ అయితే, సగం సగం అయితే, ఆ రెండింటిలో తన సగమే ముందు పుట్టింది.

"ఏమంటవ్ సేటూ?" అన్నాడు సారయ్య. "వెనకంత కోసేసి కొత్త రేకు ఎయ్యాలె. పది దినాలు పడ్తది. అర్జంటు అంటె ఇరుసు మీద కట్టె దిమ్మ వెట్టి గొలుసుతోని గుంజి కడ్త. మెల్లగ, ఖాళీగ పోతే పోతది. గంతే."

"దిమ్మ వెట్టు."

"ఖాళీగ అన్న, ఇన్నవా?"

విన్నాడు. దిమ్మ కోసం సారయ్య మూలన కట్టెలు వెతుకుతుంటే వెంకటరాజం వానను చూస్తూ నిలబడ్డాడు, నాలుక మీద ఒక మాట కదిలింది, పదమూడేళ్ళుగా పలకని మాట, అన్నా. అన్నా, ఉప్పే. అంతే చాలు, గొడుగు మడిచి దుకాణం మెట్టెక్కి ఆ రెండు మాటలు అంటే అయిపోతుంది. భీవండికి ఒక కార్డు రాస్తారు, గుడి ముందు ఇంకోసారి నలుగురు కూర్చుంటారు, ఈసారి తడిసేది తను. అది కూడా తట్టుకోవచ్చు. కానీ అన్న ఏమంటాడు? తిడతాడా? తిడితే ఎంత బాగుండు, తిరిగి తిట్టవచ్చు, పదమూడేళ్ళు ఇంకో పదమూడేళ్ళుగా పొడిగించుకోవచ్చు. వాడు తిట్టడు. వాడి గుణం తనకు తెలుసు. గొంతు సవరించుకుని, లోపలికి కేక వేసి చాయ్ తెప్పిస్తాడు. రెండు చాయ్‌లు. ఆ కప్పు చేతిలో పట్టుకుని, ఆ గద్దె అంచున, దారిన పోయే కొత్తవాడ అంతా చూస్తుండగా ఊదుకుంటూ తాగాలి. వెంకటరాజం నాలుక మీది మాటను మింగేశాడు, అది గొంతులో ఉప్పగా దిగింది.

సందు మొదట్లో తోపుడు బండి చప్పుడైంది. స్టేషను రోడ్డు హమాలీ కట్టయ్య, నెత్తిన గోనెసంచి కొంగులా కప్పుకుని, బండి మీద రెండు ఉప్పు బస్తాలు, పైన పాలిథిన్ కాగితం. "నువ్వు రాకపోతివి సేటూ, ఉప్పు దుకాణపాయిన నా మీద గరమైతాండు, సేటు బస్తాలు గిట్లనే తడుస్తానయని. సారయ్య కాడున్నవని ఎవ్వలో అన్నరు, పట్టుకచ్చిన. ఎక్కడ ఏద్దాం?"

సారయ్య దిమ్మను ఇరుసు మీద కొట్టి బిగిస్తూ గుంతలోంచే అన్నాడు. "నీ బండి మీదనే పోనియ్యి కట్టయ్యా, సక్కగ మట్టెవాడకు. కారు మీద ఎయ్యద్దు."

అది సరైన మాట, ఏ వ్యాపారి అయినా ఒప్పుకునే మాట. కానీ మట్టెవాడకు తోపుడు బండి పోయే దారి కూడా ఆ మలుపు మీదుగానే. వెంకటరాజం మనసులో తక్కెడ పట్టాడు. బుధవారం తొమ్మిదిన్నరకు ఉప్పు తోపుడు బండి మీద పోతుంది, వెనకాల కారు ఖాళీగా పోతుంది. దుకాణంలో గద్దె మీద కూర్చున్నవాడు ఒక్క చూపు చూస్తాడు. పదమూడేళ్ళుగా వాడు ఎదురుచూస్తున్నది ఆ ఒక్క చూపు కోసమే. డిక్కీలోంచి ఉప్పు దిగిన రోజు, తమ్ముడికి తెలిసిన రోజు అదే. వాడు ఎవరికీ చెప్పనక్కరలేదు, లేచి లోపలికి పోయి నవ్వుకుంటే చాలు. సాయంత్రానికి వీరభద్రం మీసాల కింద కూడా నవ్వు వస్తుంది, ఈసారి ఇటు తిరిగి. పోనీ చుట్టూ తిప్పి, హన్మకొండ మీదుగా పంపిస్తే? ఉప్పు బుధవారం ఎందుకు రాలేదని నేతగాళ్ళే అడుగుతారు. పది రోజులు కారు ఆపి వెనక కోసి కొత్త రేకు వేయిస్తే? కొత్త రేకు మీద మళ్ళీ ఉప్పు వేయాలా వద్దా? వేస్తే మళ్ళీ తింటుంది, వేయకపోతే తెలిసినట్టే. ఏ పక్క నుంచి తూచినా ముల్లు అన్న వైపే వాలుతోంది. తనకు తెలియనట్టు ఉండాలంటే, నిన్నటి వెంకటరాజమే ఇవాళ కూడా ఆ గుమ్మం ముందు నుంచి పోవాలి, నిన్నటి బరువుతోనే. కారు పోతే ఒక కారు పోతుంది. ఇరవై అయిదేళ్ళు నడిచింది, ఎవరూ ఏమీ అనరు, ముసలిదై పోయింది అంటారు. మాట పోతే, గుడి ముందు అన్న ఆ మాట పోతే, ఎల్లస్వామి తిరిగి వస్తాడు.

"కట్టయ్యా, డిక్కీల ఎయ్యి," అన్నాడు.

సారయ్య తల గుంతలోంచి పైకి వచ్చింది, చెంప మీద ఎర్రటి తుప్పు పొడి. "నీకు సమజైందా, నేను జెప్పింది?"

"సమజైంది."

"దిమ్మ మీద నిలవడుతాంది బండి. రెండు బస్తాలేస్తె నడిరోడ్డు మీద గూలవడ్తది."

"నడిరోడ్డు మీద గూలవడితె గూలవడనియ్యి. నిన్నెవ్వలన్న అడిగితె ఏమంటవ్?"

సారయ్య సుత్తిని గుంత అంచు మీద పెట్టాడు. "నన్నెవ్వలడుగుతరు. నేను జెప్పేదేంది, జంగు జెప్తది."

"అదిగూడ కింద పరువు," అన్నాడు వెంకటరాజం, గోడకు ఆనుకుని నిలబడ్డ నాలుగో జంపఖానాను చూపిస్తూ. "ముందు గదే. దాని మీద మిగిలినయి. ఉన్నది ఉన్నట్టు పరిచి బస్తాలెయ్యుండ్లి."

కట్టయ్య వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు, తనకెందుకులే అన్నట్టు బస్తా భుజానికెత్తుకున్నాడు. మొదటి బస్తా పడగానే గొలుసు కిర్రుమంది. రెండోది పడ్డాక కట్టె దిమ్మ మూలిగి, కుదురుకుని, ఆగింది. మూత పూర్తిగా పడదు, ఎప్పటిలాగే తాడుతో కట్టించాడు, బస్తాలు కనబడేట్టు. హ్యాండిల్ తనే తిప్పాడు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది, గొంతు నిండుగా, ఏ జబ్బూ లేని దానిలా, ఈ ఇంజను ఇంకో పదేళ్ళు నడుస్తుందని సారయ్యే పోయినేడు అన్నాడు.

తొమ్మిది ఇరవై అయిదుకు రోడ్డెక్కాడు. ప్రతి మిట్ట దగ్గరా వెనక నుంచి ఒక మూలుగు వెన్నులోకి వస్తోంది, అతను పళ్ళు కరిచి పట్టుకుని క్లచ్ మీద కాలిని పసిపిల్లను దించినట్టు దించుతున్నాడు. ఇంకెన్ని బుధవారాలు ఉన్నాయో సారయ్య చెప్పలేదు, తను అడగలేదు. నాలుగు ఉండవచ్చు, ఇదే కావచ్చు. వాన తగ్గింది. మలుపులో కైలాసం దుకాణం చెక్కలు తీసేశారు, గద్దె మీద తెల్లటి చొక్కా కనబడుతోంది, గుమ్మం ముందు రోడ్డు మీద నీళ్ళు నిండిన గుంట కూడా కనబడుతోంది, దాన్ని తప్పించాలంటే వేగం తగ్గించి పక్కకు తిప్పాలి, తిప్పితే బరువుకు భయపడ్డట్టు కనబడుతుంది. వెంకటరాజం వీపు నిటారు చేశాడు. ఎడమ చెయ్యి స్టీరింగు మీది నుంచి తీసి, కిటికీలోంచి గాలి పీల్చుకుంటూ పోయే షికారు మనిషిలా ఒళ్ళో పెట్టుకుని, ఒంటిచేత్తో కారును తిన్నగా ఆ గుంట మీదికి పోనిచ్చాడు.